చచ్చిన పిల్లి ఎవరి వంతు

హాంకాంగ్‌లో క్వాయ్ చుంగ్ రేవు పక్కన పదకొండో అంతస్తులో ఉన్న ఆ సరుకు రవాణా కంపెనీలో తిన్నగా ఒక్క వాక్యం మాట్లాడే మనిషి లేడు. తిన్నగా మాట్లాడితే రేపెవడో వచ్చి, నిన్న నువ్వే కదా అన్నావు అని పీక పట్టుకుంటాడు. సామెత చెప్పినవాణ్ణి ఎవరూ అలా పట్టుకోలేరు. సామెత తాతలది, చెప్పినవాడిది కాదు. అందుకని ఆ ఆఫీసులో సరుకు దారి తప్పినా, పని ఆలస్యమైనా, కాఫీ మిషను మొరాయించినా తాతల్ని ముందుకు తోసి మనవలు వెనక దాక్కునేవారు.

అలాంటి కొంపలోకి ఆంట్‌వెర్ప్ హెడ్డాఫీసు నుంచి బ్రాం అనే కొత్త మేనేజరు దిగాడు. నలభై రెండేళ్ళ మనిషి, ఆరడుగుల పైన మూడంగుళాలు. వచ్చేముందే పట్టుబట్టి అక్కడి భాష కాంటనీస్ నేర్చుకున్నాడు, పాపం. మొదటి మీటింగులో ఆయన అడిగింది చిన్న ప్రశ్న. బ్యాంకాక్ వెళ్ళాల్సిన పెట్టెలు బుసాన్ ఎందుకు వెళ్ళాయి? ఆపరేషన్స్ చూసే ఔయంగ్ గొంతు సవరించుకుని, ఇది ఎలుక తాబేలుని లాగిన వ్యవహారం సార్ అన్నాడు. పట్టుకోవడానికి చోటే దొరకదని దాని భావం. సిబ్బంది వ్యవహారాలు చూసే యాపిల్ అనే ఆవిడ, పడవ ముందుకు వెళ్తే దయ్యం భయం, వెనక్కి వెళ్తే దొంగ భయం అంది. గిడ్డంగి చూసే ఆయన, కోడీ బాతూ మాట్లాడుకున్నట్టయింది అని తేల్చాడు. బ్రాం అన్నీ శ్రద్ధగా రాసుకున్నాడు. గంట గడిచేసరికి ఆయన పుస్తకంలో ఒక జంతుప్రదర్శనశాల తయారైంది గానీ జవాబు మాత్రం లేదు.

మర్నాడు ఆయన నేరుగా తో క్వయ్‌హియంగ్ అనే ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి, నాకు ఈ సామెతలు నేర్పుతారా అని అడిగాడు.

తో అన్నది ఇంటిపేరు. ఆఫీసంతా హియంగక్క అని పిలిచే ఆ మనిషికి యాభై ఏడేళ్ళు. పత్రాల విభాగంలో ఇరవై ఆరేళ్ళుగా ఉంది. ఎగుమతి కాగితం మీద ఆవిడ చెయ్యి పడిందంటే కామా కూడా తన చోటు వదిలి కదలదు. క్రైస్తవ సన్యాసినుల బడిలో చదువుకుంది గనక ఇంగ్లీషు బాగా వచ్చు. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ పేరు మీద ఒక్క తప్పు నమోదు కాలేదు, అదొక్కటే ఆవిడ ఆస్తి. ఆ వయసులో ఆ కుర్చీ పోతే మళ్ళీ ఇంకో కుర్చీ ఇచ్చే దాత హాంకాంగ్‌లో లేడనీ, ఏ టీ హోటల్లోనో గిన్నెలు కడగాల్సిందేననీ ఆవిడకి తెలుసు. అదీ తెలుసు గనక తలవంచుకుని పని చేసుకునేది. ఇన్నేళ్ళలో ఆఫీసు ఆవిణ్ణి అడిగిన పెద్ద ప్రశ్న, కాపీ మిషన్లో కాగితం ఎక్కడ పెట్టాలక్కా అన్నది. కొత్త దొర వచ్చి గురువువి అవ్వమంటే ఆవిడ పొంగిపోయింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బాగానే పొంగిపోయింది.

రోజూ తొమ్మిదింబావు నుంచి తొమ్మిదిన్నర దాకా, టీ పెట్టుకునే గదిలో పాఠం. ఇద్దరి ముందూ చిక్కటి పాల టీ. యాపిల్ దీన్ని ఫొటో తీసి, సంస్కృతుల మధ్య వంతెన అని పేరు పెట్టి, కంపెనీ పత్రికలో వేసింది. ఫొటోలో హియంగ్ సగమే పడింది, టీ కప్పు మాత్రం పూర్తిగా పడింది.

ఆవిడ ఆఫీసుకి పనికొచ్చేవన్నీ వరసగా నేర్పింది. స్క్విడ్ వేయించడమంటే ఉద్యోగం ఊడగొట్టడం, వేగిన స్క్విడ్ పరుపు చుట్టలాగా చుట్టుకుంటుంది గనక పరుపు చుట్టుకుని వెళ్ళమని అర్థం. పాముల రాజు అంటే పనిదొంగ. పని గడిచాక మనిషిని వదిలేసేవాణ్ణి, కర్మకాండ అయిపోయాక సన్యాసిని గెంటేసేవాడు అంటారు. మోకాళ్ళ మీద కూర్చుని ఆడపందికి మేత పెట్టడమంటే, ఇష్టం లేకపోయినా జీతం కోసం ఓర్చుకోవడం. దీన్ని నేర్పిన రోజు బ్రాం ఆవిణ్ణి, మీరూ పెడతారా అని అడిగాడు. రోజూ పెడతాను, పొద్దున తొమ్మిదిన్నర నుంచి అంది ఆవిడ. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ నవ్వు ఆవిడకి ఇంటికెళ్ళే మెట్రోలో కూడా గుర్తొచ్చింది. భర్త పోయిన ఆరేళ్ళలో ఆవిడ ఎవరితోనూ అలా నవ్వలేదు.

శిష్యుడు చురుకైనవాడు. నెల తిరిగేసరికి లిఫ్టులో ఒకటి, ఫోన్లో ఒకటి, యాపిల్ ఎదురొస్తే ఒకటి వదిలేవాడు. బూట్లు తుడవడమంటే పైవాడికి భజన చెయ్యడమని ఆయన నేర్చుకున్న రోజున, మీ ఉచ్చారణ పుట్టుకతో వచ్చినట్టుంది సార్ అని పదకొండు మంది వరసగా ఆయన బూట్లు తుడిచారు. ఔయంగ్ అయితే రెండు సార్లు తుడిచాడు.

ఒక్కటి మాత్రం హియంగ్ నేర్పలేదు. పూర్వం దుకాణాల్లో చైనా కొత్త సంవత్సరం విందుకి పనివాళ్ళంతా కూర్చున్నాక, యజమాని కోడి ముక్క ఒకటి తీసి ఎవరి గిన్నెలో వేస్తే వాడు ఆ విందు తిని మూట కట్టుకోవాలి. మాట లేదు, కారణం లేదు. దాన్ని జాలిలేని కోడి అంటారు. ఇప్పుడు ఉత్తరాలూ చట్టాలూ వచ్చాయి, అలా ఎవరూ చెయ్యరు. చెయ్యకపోయినా విందులో ఏ యజమానీ కోడి పళ్ళెం జోలికి పోడు, ఎవరి ముక్క వాళ్ళు తీసుకుంటారు. పండగ ముందు ఆ మాట ఎత్తడం అశుభమని హియంగ్ ఊరుకుంది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. విందులో పెద్దవాడు తన చేత్తో పాతవాళ్ళకి మంచి ముక్క వడ్డిస్తే మర్యాద అని మాత్రం చెప్పింది. చూడండి, అడుసు తొక్కడమంటే ఇదే.

కొత్త సంవత్సరం వచ్చిన ఎనిమిదో రోజు సాయంత్రం చున్ వాన్‌లో ఒక హోటల్లో కంపెనీ విందు. మూడు గుండ్రటి బల్లలు, పందిపిల్ల వేపుడు, లక్కీ డ్రా, యాపిల్ పాట. పాట ఎలాగో భరించారు. తర్వాత కరకరలాడే కోడి వచ్చింది. బ్రాం లేచి నిలబడ్డాడు. వడ్డించే పుల్లలు తీసుకుని, ఏరి ఏరి తొడ ముక్క పట్టుకుని, బల్ల చుట్టూ నడిచి వచ్చి, హియంగ్ గిన్నెలో పెట్టాడు. పెట్టి, డ్రాగన్‌కీ గుర్రానికీ ఉన్నంత సత్తువ మీకు ఉండాలని శుభాకాంక్షలు కూడా చెప్పాడు. ఉచ్చారణ దివ్యంగా ఉంది.

మూడు బల్లల దగ్గరా పుల్లలు కిందికి దిగాయి. బల్ల మధ్య తిరిగే పళ్ళేన్ని తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది. గిడ్డంగి ఆయన తన టీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు, ఇక్కడ ఆ వడ్డనే కొంప ముంచింది. ఆయనకి తెలియదు, తెలియదు, తెలియదు అని హియంగ్ మనసులో మూడు సార్లు అనుకుంది. తర్వాత, ఎవరైనా చెప్పి ఉంటేనో అని నాలుగోసారి అనుకుంది. అందరూ చూస్తున్నారు గనక తింది. తోలు బాగా వేగిందో లేదో కూడా తెలియలేదు.

మర్నాటి నుంచి తమాషా చూడాలి. ఆవిడకి ఉత్తరం రాలేదు, ఎవరూ పిలవలేదు, ఎవరూ ఒక్క ముక్క అనలేదు. అనకుండానే అంతా జరిగిపోతోంది. యాపిల్ ఒక ఫారం పంపింది, మీ పని వివరాలు ఇంకొకరికి అర్థమయ్యేట్టు రాసిపెట్టండి అని. పక్క బల్ల పిల్ల వచ్చి, మీ కిటికీ దగ్గర ఎండ బాగా వస్తుంది కదక్కా అంటూ టేపుతో కొలుచుకుని వెళ్ళింది. రోజూ మధ్యాహ్నం కలిసి తినే ఇద్దరు ఆడవాళ్ళకి హఠాత్తుగా డాక్టరు దగ్గర పనులు వచ్చాయి. ఉద్యోగం పోవడం జలుబు లాంటిది మరి, దగ్గరికి వెళ్తే అంటుకుంటుంది. పోయినవాళ్ళ ఫొటోకి దండ వేసినట్టు, ఎవరో ఆవిడ బల్ల మీద చిన్న నారింజ చెట్టు కూడా పెట్టారు.

నోరు తెరిచి అడగొచ్చు కదా అని మీరనొచ్చు. ఆవిడా అనుకుంది. అడిగితే అవునంటారేమోనని భయం. ఆయనకి తెలియక చేశాడని తేలినా భయమే. అంత పెద్దమనిషికి మూడు బల్లల ముందు తప్పు వడ్డన చేశావని చెబితే ఆయన పరువేం కాను? ఉద్యోగం పోతున్నది తనదైనా, పరువు పోకుండా చూడాల్సింది ఆయనది. ఇరవై ఆరేళ్ళ చాకిరీ మనిషికి నేర్పే బుద్ధి ఇదే. పండగ పదిహేను రోజులూ దాటాక మెల్లిగా చెబుదామని ఆవిడ గడువు పెట్టుకుంది. మరోపక్క పావుగంట పాఠం మామూలుగానే నడుస్తోంది. బ్రాం రోజూ నవ్వుతూ పుస్తకం పట్టుకుని వచ్చేవాడు. ఆవిడ రోజూ నవ్వుతూ నేర్పేది. ఇంటికెళ్ళి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చేది.

పండగ పదకొండో రోజున ఆవిడ బల్ల దగ్గరికి ఔయంగ్ వచ్చాడు, చేతిలో వేడివేడి గుడ్డు టార్టుల పెట్టె. ఔయంగ్ ఎవరికైనా ఏదైనా కొనిపెట్టాడంటే వంద గజాల దూరం నుంచే జాగ్రత్త పడాలి.

సంగతి ఇది. సరుకు కొన్నవాడు, సరుకు తనదని చూపే ఓడ పత్రం అసలు ప్రతి తెచ్చి ఇస్తే గానీ రేవులో సరుకు వదలకూడదు. విడుదల కాగితం మీద రెండు గడులుంటాయి. పత్రం చూశానని హియంగ్ ఒక గడిలో సంతకం పెట్టాలి, ఆ తర్వాతే వదలమని ఔయంగ్ రెండో గడిలో పెట్టాలి. డిసెంబరులో తనతో గోల్ఫ్ ఆడే ఒక పెద్దమనిషి కోసం ఔయంగ్ రెండు కంటెయినర్ల ఏసీ మిషన్లు పత్రం లేకుండానే వదిలేశాడు. మొదటి గడి ఖాళీగా ఉండగానే రెండో గడిలో సంతకం పెట్టేశాడు. ఆ పెద్దమనిషి సరుకు తీసుకుని దుకాణం మూసి మాయమయ్యాడు. సరుకు పంపినవాళ్ళు డబ్బు రాక గగ్గోలు పెడుతున్నారు. ఆంట్‌వెర్ప్‌లో ఉన్న తనిఖీ అధికారిణి మారిట్ మూడు వారాలుగా, ఎవరు వదిలారు, ఎవరు వదిలారు అని ఉత్తరాలు రాస్తోంది. మనవాళ్ళు మూడు వారాలుగా ఆవిడకి ఎలుకా తాబేలూ కథ ఇంగ్లీషులో చెబుతున్నారు.

ఔయంగ్ కుర్చీ లాక్కుని, గొంతు తగ్గించాడు. "హియంగక్కా, ఆ ఖాళీ గడిలో మీదో చిన్న సంతకం. పత్రం చూశాననుకుని పొరబడ్డానని రెండు ముక్కలు. అంతే."

"నేను ఆ కాగితమే చూళ్ళేదు కదండీ."

"చూళ్ళేదు, నిజమే. కానీ ఆలోచించండి, మీరెలాగూ కోడి తిన్నారు. నాకింకా ఇద్దరు పిల్లల చదువులున్నాయి. వెళ్ళేవాళ్ళకి బరువేముంటుందక్కా? మీకు మంచి సర్టిఫికెట్ రాయించే పూచీ నాది."

ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అన్నారా? ఆవిడ ఉద్యోగం పోతోందన్న వార్తలో ఈయనకి ఇంత పెద్ద పండగ కనబడింది. చెయ్యని తప్పు నెత్తిన వేసుకోవడాన్ని అక్కడ చచ్చిన పిల్లిని తినడం అంటారు. పిల్లిని గుడ్డు టార్టుల పెట్టెలో పెట్టి తేవడం మాత్రం ఔయంగ్ సొంత తెలివి. హియంగ్‌కి ఒళ్ళు మండింది. మండినా, ఆలోచించి చెబుతాను అంది. పెట్టె వెనక్కి ఇచ్చేసింది.

ఆ రాత్రంతా ఆవిడకి ఒకటే అర్థమైంది. ఉద్యోగం పోతే గిన్నెలు కడుగుతుంది. కడిగిన గిన్నెలు కడిగినట్టే ఉంటాయి, ఎవరూ వేలెత్తి చూపరు. కానీ ఆ గడిలో సంతకం పెడితే, పత్రాల విభాగంలోని తో క్వయ్‌హియంగ్ చూడకుండా సరుకు వదిలేసిన మనిషి అని రేవంతా చెప్పుకుంటుంది. ఇరవై ఆరేళ్ళూ కామాలు దిద్దింది ఆ పేరు కోసమే.

మర్నాడు తొమ్మిదింబావుకి ఆవిడ పాఠం సిద్ధం చేసుకుని వెళ్ళింది. ఇవాళ కొత్తది, చచ్చిన పిల్లిని తినడం అని మొదలుపెట్టింది. అర్థం చెప్పింది. ఉదాహరణ కావాలి కదా అని, ఒక ఆఫీసు ఉందనుకోండి అంది. ఆ ఆఫీసులో ఒక కాగితం, కాగితం మీద రెండు గడులు అంది. గోల్ఫ్ చెప్పింది, ఏసీ మిషన్లు చెప్పింది, టార్టులతో సహా చెప్పింది. పేరొక్కటి చెప్పలేదు. ఇంతకంటే విప్పి చెప్పడం ఆ ఆఫీసు చరిత్రలోనే జరగలేదు. ఈ మనిషి నవ్వినవాడు, నాతో కూర్చుని టీ తాగినవాడు, అర్థం చేసుకుంటాడు అనుకుంది.

బ్రాం అన్నీ విన్నాడు. కానీ ఆయన పెన్ను కదల్లేదు. హియంగ్ అది గమనించింది.

ఆయన పుస్తకం మూసి, కాంటనీస్‌లో నెమ్మదిగా మాట్లాడాడు. "హియంగక్కా, పెద్ద సంగతిని చిన్నది చెయ్యాలి, చిన్న సంగతిని లేకుండా చెయ్యాలి అని మీరే కదా నేర్పారు."

ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"ఆ కోడి సంగతి నాకప్పుడు తెలియదు. ఒట్టు. మర్నాడు ఔయంగ్ చెప్పాడు. సరిగ్గా ఆ వారమే హెడ్డాఫీసు ఒక ఉద్యోగం తగ్గించమంది. ఎవరిని పొమ్మనాలో తెలియక నాకు నిద్ర పట్టలేదు. ఈలోగా బియ్యం ఉడికి అన్నం అయిపోయింది. అందరూ అర్థం చేసుకున్నారు, మీరూ అర్థం చేసుకున్నారు అనుకున్నాను."

బియ్యం అన్నమైపోతే మళ్ళీ బియ్యం కాదన్నది కూడా ఆవిడ నేర్పిందే, పండగకి వారం ముందు. గురువుని మించిన శిష్యుడంటే ఇలాంటివాడే. ఇన్నాళ్ళూ ఈయన మాటలు నేర్చుకుంటున్నాడనుకుంది. మాటలే కాదు, వాటి వెనక ఎలా దాక్కోవాలో కూడా నేర్చేసుకున్నాడు. దానికి ఔయంగ్‌కి పదిహేనేళ్ళు పట్టింది, ఈయన నాలుగు నెలల్లో పూర్తి చేశాడు. ఎల్లుండి మారిట్‌తో వీడియో మీటింగు ఉంది, అప్పటికి ఆ గడి నిండి ఉంటే అందరికీ సుఖం అని చెప్పి, టీ కప్పు తనే కడిగి పెట్టి మరీ వెళ్ళాడు. మర్యాదస్తుడే.

ఎల్లుండి రానే వచ్చింది. పెద్ద గదిలో తెర మీద మారిట్ ముఖం, తెల్లజుట్టు, మెడలో కళ్ళజోడు తాడు. బల్ల చుట్టూ ఔయంగ్, యాపిల్, గిడ్డంగి ఆయన, చివర హియంగ్. మధ్యలో బ్రాం. మారిట్ పలకరింపులు కానిచ్చి, సరుకు ఎవరు వదిలారు అని అడిగింది. ఔయంగ్ కాంటనీస్‌లో కొండంత రాగం తీసి, అలలు పెద్దవైనప్పుడు అందరూ ఒకే పడవలో ఉంటారు అన్నాడు. అది సమష్టి బాధ్యతకి సంబంధించిన విషయమని బ్రాం అనువదించాడు. యాపిల్, ఉప్పు చేప తిన్నవాళ్ళు దాహం ఓర్చుకోక తప్పదు అంది, అంటూ హియంగ్ వైపు చూసింది. సంబంధిత ఉద్యోగి పరిణామాలకి సిద్ధంగా ఉన్నారని బ్రాం అనువదించాడు. అబ్బ, ఏం అనువాదం. పాము చావలేదు, కర్ర విరగలేదు.

మారిట్ కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి గడిలో ఉండాల్సిన సంతకం ఎవరిది, ఆ మనిషి ఇక్కడ ఉన్నారా అని అడిగింది. ఉన్నారనీ, కాకపోతే త్వరలో వాళ్ళు ఎలాగూ మమ్మల్ని విడిచి వెళ్తున్నారనీ బ్రాం చెప్పాడు. ఔయంగ్ విడుదల కాగితాన్ని బల్ల మీద మెల్లిగా జరిపాడు. కాగితం మీద పెన్ను కూడా పెట్టాడు, మూత తీసి మరీ.

హియంగ్ కాగితాన్ని చూసింది. ఖాళీ గడి, పక్కన ఔయంగ్ వంకర సంతకం. ఇక దాచేదేముంది? ఆవిడ కాగితాన్ని ఎత్తి కెమెరా ముందు పెట్టి ఇంగ్లీషులో మాట్లాడింది. సన్యాసినులు నేర్పిన ఇంగ్లీషు, కర్త, కర్మ, క్రియ.

"సరుకు వదిలింది ఔయంగ్. డిసెంబరు పందొమ్మిదిన. అసలు పత్రం రాలేదు. ఈ గడి నాది, ఖాళీగా ఉంది, ఎందుకంటే నాకు ఈ కాగితం చూపించలేదు. ఇప్పుడు సంతకం పెట్టమంటున్నారు. పెట్టను."

అంత నగ్నమైన మాటలు ఆ గోడలు ఎన్నడూ వినలేదు. యాపిల్ అయితే ఎవరో బట్టలు విప్పినట్టు ముఖం పక్కకి తిప్పుకుంది.

"ఇంకొకటి. నేను రాజీనామా చెయ్యలేదు. నన్ను తీసేసినట్టు ఉత్తరం రాలేదు. నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు."

మారిట్ రాసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది. "బ్రాం, ఆవిడకి ఉత్తరం ఇచ్చారా?"

బ్రాం నోరు తెరిచాడు. చెప్పడానికి ఆయన దగ్గర ఎన్ని లేవు. ఉడికిన అన్నం ఉంది, ఉప్పు చేప ఉంది, పడవ ఉంది. ఒక్కటీ ఇంగ్లీషులోకి రాలేదు. "లేదు," అన్నాడు.

"అయితే ఆవిడ వెళ్ళడం లేదు. మూడు వారాలుగా నేను అడిగింది ఈ ఒక్క ముక్కే. మేడమ్, మీ పేరు చెప్పండి, రాసుకోవాలి."

హియంగ్ పేరు చెప్పింది. తర్వాత ఇంగ్లీషులో అక్షరం అక్షరం విడగొట్టి చెప్పింది, తొందర లేకుండా, తప్పు పోకుండా.

విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమని ఆ మధ్యాహ్నమే ఔయంగ్‌కి ఉత్తరం వచ్చింది. సంజాయిషీ రాసి పంపమని బ్రాంకి వచ్చింది. పక్క బల్ల పిల్ల టేపు సొరుగులో దాచేసుకుంది. డాక్టరు దగ్గర పనులున్న ఇద్దరికీ రోగాలు ఒక్కపూటలో నయమై, అక్కా, నూడుల్స్‌కి వెళ్దామా అని వచ్చారు. ఎంత ధైర్యమక్కా మీది అని పదకొండు మంది వరసగా ఆవిడ బూట్లు తుడిచారు. నాకు డాక్టరు దగ్గర పనుంది అని చెప్పి, ఆవిడ ఒక్కతే వెళ్ళి కడుపునిండా తిని వచ్చింది.

మర్నాడు తొమ్మిదింబావుకి టీ గదిలో ఎవరూ ఉండరనుకుంది. బ్రాం ఉన్నాడు. రెండు టీలు తెచ్చి పెట్టుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడకి కోపం పోలేదు. జాలి కూడా వేసింది, జాలి వేసినందుకు ఇంకా కోపం వచ్చింది.

"మీటింగుకి ముందే నాతో ఒక మాట చెప్పాల్సింది," అన్నాడు ఆయన, కిందికి చూస్తూ.

"చెప్పాను కదండీ. పావుగంట చెప్పాను. మీరే రాసుకోలేదు."

ఆయన టీ కప్పు చేతిలోకి తీసుకున్నాడు. పాఠాలు ఇక ఉండవేమో అని గొణిగాడు. హియంగ్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఉంటాయి. పుస్తకం తియ్యండి. ఇవాళ్టిది చిన్నది, రెండే ముక్కలు. తప్పు నాది."

బ్రాం పెన్ను తీశాడు. "దీని భావం?"

"భావం ఏమీ లేదు. తప్పు నాదనే."

"ఇది సామెత కాదా?"

"కాదు. అందుకే ఈ ఆఫీసులో ఎవరికీ రాదు. అనండి."

ఆయన అన్నాడు. నాలుగు నెలల్లో మొదటిసారి ఆయన స్వరం తప్పింది. ఆవిడ మళ్ళీ అనమంది. రెండోసారి గాలి వచ్చింది గానీ మాట రాలేదు. మూడోసారి ఆయన కప్పు పక్కన పెట్టి, ముఖం ఎత్తి, ఆవిడ కళ్ళలోకి చూస్తూ అన్నాడు.

"తప్పు నాది, హియంగక్కా."

ఆవిడ తన టీ తీసుకుని ఒక గుక్క తాగింది. టీ చల్లారిపోయింది.

"బాగుంది," అంది. "ఇప్పుడు తలుపు తీసి అనండి."